వినేవాళ్ళకు చోటు

తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనకు టికెట్ ఉండదు. పుష్య బహుళ పంచమినాడు పంచరత్న కీర్తనల గోష్ఠిని ఎవరైనా కూర్చుని వినొచ్చు. కానీ గోదావరిఖని నుంచి వెళ్ళే మాలాంటి ఆడవాళ్ళకు అసలు ఖర్చు పడక దగ్గర మొదలవుతుంది.

ఆ చిన్న ఊళ్ళో గదులు తక్కువ. తంజావూరులో దిగాలి. స్నేహితురాలూ నేనూ ఫోన్లు చేస్తే చవక లాడ్జీలవాళ్ళు అడిగింది ఒక్కటే: "వెంట మగవాళ్ళెవరు?" ఆడవాళ్ళకు గది ఇవ్వకూడదనే చట్టమేదీ లేదు. ఆ మాట అడగని హోటల్లో అద్దె రెండింతలు. ఆ తేడా ప్రశ్న తప్పించుకోడానికి కట్టేదే. మాది నైట్ షిఫ్టుల ఊరు. అర్ధరాత్రి రోడ్డు మీద మగవాడుంటే డ్యూటీ అనుకుంటారు. ఆడది ఉంటే సంజాయిషీ ఇవ్వాలి.

త్యాగయ్య సమాధికి గుడి కట్టించింది దేవదాసీ కుటుంబంలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ. 1920లలో తన సొంత డబ్బు పెట్టింది. అక్కడే ఆడవాళ్ళను పాడనివ్వకపోతే స్త్రీలను కూడగట్టి వేరే ఆరాధన నడిపింది. 1940లో వర్గాలు ఏకమయ్యాకే అందరూ కలిసి పాడటం కుదిరింది. పాడే స్త్రీకి చోటు ఆమె పోరాడి తెచ్చింది. వినడానికొచ్చే స్త్రీకి రాత్రి తలదాచుకునే చోటు ఇంకా బేరంలోనే ఉంది.

మేం మరో ఇద్దరిని కలుపుకుని ఆ ఖరీదైన గదే తీసుకున్నాం. నలుగురం పంచుకుంటే తలకు లాడ్జీకి అయ్యేంతే పడింది. ఆ హోటల్ నంబరు ఇప్పుడు మా కాలనీ ఆడవాళ్ళందరి దగ్గరా ఉంది.