ఎండకు పొంగే నది

సేవోక్, ఏప్రిల్ 17

నాన్నగారూ, రాత్రి సియాల్దాలో బండెక్కి, తెల్లారేసరికి న్యూ జల్పాయిగురిలో దిగాం. కొండలు మొదలయ్యేది ఈ సేవోక్ దగ్గరే. తీస్తా మీద 1941లో పూర్తయిన కరొనేషన్ వంతెన చూశాను. లోతుకీ వడికీ నదిలో స్తంభాలు నిలవవని ఒకే కమానుతో కట్టారట. రైల్వేలో పనిచేసినవారు కదా, మీరు చూడవలసిందే.

ఈ రోజుల్లో మన కాసాయి నది ఎలా ఉంటుంది? మోహన్‌పూర్ బ్రిడ్జి కింద ఇసక తిన్నెలు, మధ్యలో సన్నటి పాయ. శ్రీకాకుళంలో నాగావళీ అంతే. తీస్తా మాత్రం ఇప్పుడే లేస్తోంది. ఎండ ముదిరేకొద్దీ సిక్కిం కొండల్లో మంచు కరిగి దిగుతోంది. అప్పుడప్పుడు పడే కాలబైశాఖి అనే వేసవి గాలివాన దానికి తోడు.

మెల్లి, ఏప్రిల్ 19

ఇక్కడ తెప్పలు నడిపే కుర్రాడు నది మధ్యలో ఒకచోటు చూపించాడు. చలికాలంలో అక్కడ పెద్ద బండ బయటికి కనిపిస్తుందట. ఇప్పుడది నీళ్లలో మునిగింది. నీరు దాని మీదికెక్కి, అవతల గోతిలో పడి, మళ్లీ వెనక్కి తిరిగి బండ వైపే వస్తోంది. ఒక దుంగ అందులో చిక్కుకుంది. మునుగుతుంది, తేలుతుంది, గిర్రున తిరుగుతుంది, ఎంతసేపు చూసినా బయటపడలేదు. మనిషి పడితే ఏమవుతాడో వేరే చెప్పక్కర్లేదు.

చిన్న రాళ్ల దగ్గర మాత్రం నురగ మాయమై నీరు నున్నగా పోతోంది. కొత్తవాళ్లు అదే చూసి మోసపోతారు. చలికాలంలో తెప్ప ఆపుకునే ఒడ్డు వార మునిగిపోయి, నీరు చెట్లలోంచి పారుతోంది. పైన కరెంటు ఆనకట్టల గేట్లు ఎత్తినా మట్టం మారిపోతుంది.

పైగా పాత లెక్కలు ఇప్పుడు పనికిరావు. 2023 అక్టోబరు 4న సిక్కింలో దక్షిణ లొనాక్ సరస్సు తెగి, చుంగ్‌థాంగ్ ఆనకట్టను ఊడ్చుకుపోయింది కదా. ఆ వరద తెచ్చిన రాళ్లూ ఇసకా మేట వేసి, తీస్తా బజారు దగ్గర నది అడుగే పైకి లేచింది. అక్కడి ఇళ్లు చూస్తే కడుపు తరుక్కుపోయింది. కొద్దిపాటి నీరు పెరిగినా వాళ్లకి గుండెదడే.

లాచుంగ్, ఏప్రిల్ 22

మంచుకి బాగా దగ్గరికి వచ్చేశాం. పొద్దున ఇక్కడి ఏటి ఒడ్డున తడి ఆరిన రాళ్ల మీద కూర్చుని టీ తాగాం. మధ్యాహ్నం ఎండ కాసింది. సాయంత్రం వెళ్తే ఆ రాళ్లు లేవు, మాట వినపడనంత హోరు. రాత్రి చలికి కరగడం తగ్గి, తెల్లారేసరికి ఏరు మళ్లీ దిగుతుందట. ఏరు ఒక్క పూటలో ఇలా పొంగడం కళ్లారా చూస్తానని అనుకోలేదు నాన్నగారూ.

తమ్ముడు మేలో స్నేహితులతో మెల్లి వచ్చి తెప్పెక్కుతానంటున్నాడు. రానివ్వండి, చూడాల్సిన నదే. కానీ లైఫ్ జాకెట్ విప్పొద్దనీ, గైడు వద్దన్న రోజు నీళ్లలో దిగొద్దనీ మీరే గట్టిగా చెప్పండి. నా మాట వినడు, మీ మాట వింటాడు.