పుస్తకాలూ, మా నాయినమ్మా

“ఈ కాలపు పిల్లలు పుస్తకం ముట్టరు” అనే మాట మన కాలేజీలో వినబడని రోజుండదు. లెక్చరర్లూ అంటారు, పూర్వ విద్యార్థులొచ్చినా అదే అంటారు. నేను పూర్తిగా కాదనను గాని, ఒక్కమాట అడగాలనిపిస్తుంది. మా జనగామ, మానుకోట, భూపాలపల్లి పల్లెల్లో పుస్తకం చేతికి అందిందెప్పుడు, ముట్టకపోవడానికి?

పాలకుర్తి సోమనాథుడు, బమ్మెర పోతన పుట్టిన నేల మాదని చెప్పుకుంటాం. చెప్పుకోవడంలో మాకెవరూ సాటిరారు! కానీ ఆ నేలమీదనే తాతల కాలంలో అక్షరం దొరల గడీ దాటి బయటికి రాలేదు. నిజాం పాలనలో సభ పెట్టాలన్నా, ప్రైవేటు బడి పెట్టాలన్నా సర్కారు అనుమతి కావాలి. అట్లాంటి రోజుల్లో 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో మన హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. సభలకు అడ్డంకులున్న చోట గ్రంథాలయమే సభ అయింది.

ఆ తరువాత వచ్చినవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. ఇతరుల ఇండ్లలో వంటచేస్తూ చదువు నేర్చుకున్న మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకొని తిరిగి అమ్మిండు. జనం వస్తారని షాపులో కూర్చోలేదు, జనం ఉన్న చోటికే పుస్తకాన్ని తీసుకుపోయిండు. ఆయనతోపాటు నిజామాబాదు జైల్లో ఉన్న దాశరథి కృష్ణమాచార్య గోడలమీద బొగ్గుతో పద్యాలు రాసిన సంగతి అందరికీ తెలిసిందే. దాశరథి మా మానుకోట వైపు చిన్నగూడూరు మనిషి, ఆ గర్వం నాకూ ఉన్నది. అయినా నాకు ఆ జైలు గోడకన్నా ఆళ్వారుస్వామి పుస్తకాల మూటే పెద్దదిగా కనిపిస్తుంది.

ఇప్పుడు మూట మోసేవాళ్ళు లేరు, చట్టం ఉన్నది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం వల్ల మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కింద పోతాయి. పోయిన ఏడు మా నాయిన పంచాయతీ రసీదు తెచ్చి చదవమన్నడు. ఆయనకు సంతకం వరకే వచ్చు. నీటిపన్ను, దీపాల పన్ను అని చదువుకుంటూ వచ్చిన.

“ఈ కింద ఉన్నదేంది బిడ్డా?”

“గ్రంథాలయ పన్ను, నాయినా.”

“అంటే?”

“పుస్తకాలు పెట్టే ఇల్లు. ఎవలైనా పోయి చదువుకోవచ్చు.”

“మనూర్ల ఎక్కడున్నదది?”

లేదు. మా ఊళ్ళో లేదు, పక్క ఊళ్ళో లేదు. నాయిన ఇంకేమీ అనలేదు. రసీదు మడిచి గోడకున్న క్యాలెండరు వెనక పెట్టిండు.

పట్నాల్లో ఉన్న గ్రంథాలయాలు మాత్రం ఖాళీగా లేవు. పొద్దుగాల పోతేగాని కుర్చీ దొరకదు. అయితే వచ్చినవాళ్ళంతా గ్రూప్స్‌కో, డీఎస్సీకో, కానిస్టేబుల్ పరీక్షకో చదివేవాళ్ళే, పుస్తకాలు కూడా ఇంటినుంచి తెచ్చుకున్నవే. బీరువాల్లో కథలు, నవలలు కదలవు. వాళ్ళను నేను తప్పుపట్టలేను. భూపాలపల్లి నుంచి వచ్చిన నా రూమ్మేటు తండ్రి బొగ్గుబాయిలో పనిచేస్తడు. నైట్ షిఫ్టు దిగి వచ్చిన తండ్రి ముఖం చూసినవాడికి నవల చదువుమని ఎట్లా చెప్పేది? అదే రూమ్మేటు మాత్రం తండ్రి చదివి దాచుకున్న పాత వారపత్రికల సీరియళ్ళ బైండు ఒకటి హాస్టలుకు తెచ్చి పరుపుకింద పెట్టుకున్నడు. అడిగితే ఇవ్వడు.

నాకు చదివే అలవాటు బడిలో కాదు, మా నాయినమ్మ వల్ల నిలబడింది. ఆమెకు ఒక్క అక్షరం రాదు. ఎనభై దాటినయి. పోయిన దసరా సెలవులకు కాలేజీ లైబ్రరీ నుంచి దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ తీసుకుపోయి అరుగుమీద చదువుకుంటుంటే, “లోపల చదివితే నాకేం ఎరుక, గట్టిగ చదువు” అన్నది. చదివిన. వెట్టి సంగతి వచ్చేసరికి చేతిలో తమలపాకు అట్లనే పట్టుకొని కూర్చున్నది.

“మా అవ్వ సుత గడీల వడ్లు దంచొచ్చేది. గియ్యన్ని ఎవలు చెప్పిండ్రు ఆయనకు? ఏ ఊరాయనది?”

“చిన్నగూడూరు, నాయినమ్మా. కృష్ణమాచార్యుల తమ్ముడు.”

“అగో, మన దిక్కు మనిషేనాయె!”

ఆ రోజునుంచి రోజూ పొద్దుగూకంగనే చాప ఆమే పరిచేది. పక్కింటి ముసలమ్మ లిద్దరు వచ్చి చేరిండ్రు. నడుమ నడుమ ఆపి, “గట్ల కాదు బిడ్డా, మా ఊర్ల ఇట్ల జరిగింది” అని ఆమె చెప్పే కథలు పుస్తకంకన్నా పొడుగు. పది పేజీలు చదవాలంటే రెండు గంటలు పట్టేది. దానివల్ల సెలవులైపోయినా పుస్తకం కాలేదు. లైబ్రరీ గడువు దాటుతుందని వాపసు తెచ్చి, పేరు మళ్ళీ రాయించుకున్న.

తరువాత సెమిస్టరు పరీక్షలొచ్చినయి. మొన్న నాయిన ఫోను ఆమెకిచ్చిండు. చలికి కాళ్ళు గుంజుతున్నయన్నది, మంచిగ తింటున్నవా అన్నది. చివరికి, “ఇంకా ఎన్ని పేజీలున్నయి బిడ్డా?” అని అడిగింది.

నలభై పైనే ఉన్నయి. సంక్రాంతికి పోతున్న.