దుంగ కట్టమన్నది నేనే

మొన్న జనవరిలో మా సీనియర్ అన్న ఒకాయన వాట్సాప్‌లో ఫోటో పంపాడు. అన్న మన కాలేజీలో బీటెక్ అయ్యాక అమెరికా పోయి, హోటన్ అనే ఊర్లో ఎమ్మెస్ చేస్తున్నాడు. మిషిగన్ రాష్ట్రం పైకొసలో ఉంటుంది ఆ ఊరు. ఏటా 200 అంగుళాల పైన మంచు కురుస్తుందట. మనవాళ్ళు బాహా పోటీకి బండి తయారుచేసినట్టు అక్కడి పిల్లలు స్నోమొబైల్ తయారుచేసి పోటీలకు తెస్తారు. అది చూసి మనసు పారేసుకుని, రూమ్మేట్లతో కలిసి అన్న ఒక సెకండ్ హ్యాండ్ స్నోమొబైల్ కొన్నాడు. ముందర రెండు స్కీలు, వెనక వెడల్పాటి రబ్బరు పట్టా. ఆ పట్టానే ట్రాక్ అంటారు. దాని పళ్ళు అరిగిపోయున్నాయి.

"రేయ్, మీది ట్రాక్టర్ ఉన్న ఇల్లు కదా. ట్రాక్ మార్చాల. పళ్ళు ఎంత ఎత్తుండేది కొనమంటావు? ఇనప స్టడ్స్ కొట్టించాలా వద్దా?"

నవ్వొచ్చింది. మదనపల్లె వాడికి మంచు అంటే హార్స్‌లీ హిల్స్ మీద తెల్లారి కనపడే పొగమంచే. అయినా రెండు రోజులు జవాబు పెట్టలేదు. తెలియక కాదు. పట్టు గురించి నేను సలహా ఇచ్చింది అంతకుముందు ఒకే ఒక్కసారి. దాని సంగతి మీకు చెప్పాలి.

2021 నవంబరు. మన జిల్లా వాళ్ళకు ఆ వానలు గుర్తుండే ఉంటాయి. పుంగనూరు దగ్గర మా ఊరి చెరువు నేను పుట్టినాక నిండగా చూసింది అప్పుడే. మదనపల్లె మార్కెట్లో టమాటా రేటు ఆకాశంలో ఉంది, మా తోటలో టమాటా నీళ్ళలో కుళ్ళిపోయింది. పోయింది పోయింది, చెరువు కింద మడిలో వరన్నా పెడదాం అన్నాడు నాయన. ఏండ్ల తరబడి బీడు పడిన మడి అది.

మా ట్రాక్టర్ వెనక టైర్లు పళ్ళు లేకుండా నున్నగా ఉన్నాయి. మదనపల్లెలో టైర్ల అంగడికి పోయి కొత్తవాటి ధర కనుక్కుని, అట్లే తిరిగి బస్సెక్కినాం. టైరుకు బిగించే ఇనప చక్రాలు, అదే కేజ్ వీల్స్, కుప్పంలో మా మామ దగ్గర ఉన్నాయి. "వాటిని తెచ్చేదానికి మినీ లారీ బాడుగ ఎందుకు, ఒక్క మడికి" అన్నాడు నాయన. నాకూ నిజమే అనిపించింది.

ఇంకో తప్పు కూడా చేసినాం, అప్పటికి తెలియదు. మా ఎర్రనేల చేన్లలో పట్టు కోసం వెనక టైర్ల ట్యూబుల్లో ముప్పాతిక వంతు నీళ్ళు నింపి పెట్టుకుంటాం. ఆ నీళ్ళు తీయకుండానే మడిలోకి దిగినాం.

రెండో సాలుకే కుడి చక్రం కూరుకుపోయింది. నాయన యాక్సిలరేటర్ ఇచ్చేకొద్దీ చక్రం తిరుగుతా, తనకు తానే గుంత తవ్వుకుంటా ఇంకా లోపలికి పోయింది. అప్పుడు నేనున్నది ఇంటర్. ఫోన్లో ఒక వీడియో చూసినా. వెనక రెండు చక్రాలకు అడ్డంగా దుంగ కట్టి నడిపితే బండి దాని మీదెక్కి బయటకొచ్చేస్తుంది.

"నాయనా, దుంగ కడదాం" అన్నా.

దుంగ తెచ్చింది నేనే. గొలుసు చుట్టింది మా పెదనాయన కొడుకు. నాయన ఫస్ట్ గేరేసి క్లచ్ వదిలినాడు.

చక్రాలు తిరగలేదు. దుంగ అడుసులో దిగబడి వాటిని బిగబట్టింది. ఇంజను మాత్రం తిప్పుతానే ఉంది కదా, చక్రం తిరగనప్పుడు ఆ బలం ఎక్కడికి పోవాల? బండి ఒళ్ళే యాక్సిల్ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ముందు టైర్లు నేల వదిలినాయి. బానెట్ నాయన తలకంటే పైకి లేచింది. గట్టు మీద అమ్మ అరిచిన అరుపు నాకిప్పటికీ వినపడుతుంది. నాయన కాలు క్లచ్ మీదే ఉండింది, తొక్కినాడు. ముందు చక్రాలు దబ్బుమని అడుసులో పడినాయి. మొత్తం రెండు సెకన్లు కూడా లేదు. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే బండి వెనక్కి తిరగబడేది, నాయన దాని కింద ఉండేవాడు.

ఎవరూ ఏమీ మాట్లాడలేదు. నాయన దిగి, ట్యాంకు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడినాడు. తర్వాత పక్క చేను ఆయన ట్రాక్టర్ తెచ్చి గట్టు మీద పెట్టి, మేము చక్రాల చుట్టూ పారతో తవ్వి, వెనక్కి లాగించినాం. ముందుకు కాదు, వెనక్కి. రివర్సులో పోతే చక్రాలు బిగుసుకున్నా ముందు భాగం పైకి లేవదు, కిందికే నొక్కుకుంటుంది. ఇది అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. ఏదో అట్లా కుదిరింది.

తర్వాతి వారం కుప్పం నుంచి ఇనప చక్రాలు వచ్చినాయి. "తారు రోడ్డు మీద మాత్రం నడపొద్దు బావా, రోడ్డు చీరుకుపోతుంది, కేసు కూడా పెడతారు" అని మామ మరీ మరీ చెప్పి పంపినాడు. టైర్లలో నీళ్ళు తీసేసి, మడి గట్టు దగ్గరే చక్రాలు బిగించి దిగితే, అదే బండి అదే అడుసులో బాతులా పోయింది.

కారణం నాకు ఇక్కడ హాస్టల్లో తెలిసింది, సివిల్ రూమ్మేట్ సాయిల్ మెకానిక్స్ పుస్తకం తిరగేస్తుంటే. నేల ఇచ్చే పట్టు రెండు రకాలు. ఒకటి రేణువుల మధ్య రాపిడి, అది బరువుతో పెరుగుతుంది. రెండోది మట్టికున్న జిగురు. అది బరువును లెక్కచేయదు, ఎంత వెడల్పున పట్టుకున్నావనేదే దానికి కావాల. మా ఇసక కలిసిన ఎర్రచేనుకు మొదటిది ఎక్కువ, అందుకే టైర్లో నీళ్ళు. నానిన చెరువు బంకమట్టికి దాదాపు రెండోదే దిక్కు. అక్కడ బరువు పెంచితే పట్టు పెరగదు, మునగడం ఒక్కటే పెరుగుతుంది. కూలంబు సూత్రం అది, ఒక్క లైను. మా జేజి ఆ లైను చదవలేదు గానీ, "ఎద్దు గిట్ట అడుసులో ఇచ్చుకుంటుంది, తీస్తే ముడుచుకుంటుంది, దానికేం తెలివిరా" అనేది. మదనపల్లెకు బండి కట్టే ఎద్దులకు లాడాలు కొట్టించేవాళ్ళట, మడిలో దున్నే వాటికి అక్కర్లేదట. స్టడ్స్ సంగతి కూడా అంతే కదా.

ఇంకో మాట. చక్రం కొంచెం జారడం తప్పు కాదు. పొలంలో నూటికి పది పదిహేను వంతుల జారుడు ఉంటేనే ట్రాక్టర్ బాగా లాగుతుంది. ఆ జారుడును మొత్తం ఆపేయాలని చూసినాను నేను, దుంగతో.

మూడో రోజు అన్నకు ఫోన్ చేసి ముందు ఒకటే అడిగినా: "ఎక్కడ నడుపుతావు?"

"ఎక్కువగా ట్రైల్ మీద. అప్పుడప్పుడు గడ్డకట్టిన చెరువు మీద."

"లోతు మంచులో?"

"అంత ధైర్యం లేదురా."

అయితే రెండు మూడు అంగుళాల పొడుగు పళ్ళు వద్దన్నా. అవి మెత్తటి మంచును తెడ్డులా తోసేదానికి. గట్టి దారిలో వంగిపోతాయి. అంగుళం, అంగుళంపావు చాలు. ఐస్ మీద రబ్బరుకు పట్టు దొరకదు కాబట్టి స్టడ్స్ కావాల్సిందే. మొన పంటి కంటే కొద్దిగా పైకి వస్తే చాలు, మరీ పొడుగైతే పైనున్న రేకును చీరేస్తుంది. వెనక స్టడ్స్ వేసి ముందు స్కీల కింద కార్బైడ్ పట్టీలు పాతవే ఉంచితే, వెనక తోస్తుంది, ముందు మలుపు తిరగదు. రెండూ కలిపే మార్చమన్నా. మిన్నెసోటాలో తారు వేసిన ట్రైల్స్ మీద స్టడ్స్ బండి నడపకూడదని చట్టం ఉంది, కాబట్టి మీ దగ్గర రూలేందో కూడా కనుక్కోమన్నా. మా కుప్పం మామ మాటే, ఊరు మారిందంతే.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఇదంతా నాయనకు చెప్పినా, ఫోటో కూడా చూపించినా. ఆ దుంగ మాట నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఎత్తని మనిషి. ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూసినాడు.

"క్లచ్ యాడుందిరా దీనికి?"

కాలితో తొక్కేది లేదు నాయనా, యాక్సిలరేటర్ వదిలేస్తే అదే విడిపోతుందన్నా. ఇంకా, నడిపేవాడి కోటుకు ఒక తాడు తగిలిస్తారు, మనిషి పడిపోతే తాడు ఊడి ఇంజను ఆగిపోతుందని చెప్పినా.

"తాడు కట్టుకోమని చెప్పినావా మీ అన్నకు?"

చెప్పలేదు. అప్పటికప్పుడే మెసేజ్ పెట్టినా. బ్లూ టిక్ పడేదాకా నాయన ఫోన్ నా చేతికి ఇయ్యలేదు.