తెర మీద 28 శాతం

మే నెల, మధ్యాహ్నం రెండు దాటింది. అనంతపురంలో నాయనకు డయాలసిస్ చేయించి శింగనమలకు తిరిగొస్తున్నాం. మా ఎలక్ట్రిక్ కారు (ఈవీ) తెర మీద ఛార్జింగ్ 28 శాతం ఉంది. చిన్న ఎత్తు ఎక్కేసరికి అది కాస్తా 9 అయింది. పక్కకు తీసేలోపే బండి ఆగింది, దాంతో ఏసీ కూడా పోయింది.

అటూ ఇటూ బీడు. నీడకు చెట్టు లేదు. తలుపులన్నీ తెరిచి, తువ్వాలు తడిపి నాయన తలమీద కప్పాను. డయాలసిస్ మనిషి దాహమైనంత తాగకూడదు, నీళ్లకు కొలతుంది. "ఇంకో గుక్క తాగనీరా" అని ఆయన అడుగుతుంటే సీసా నా దగ్గరే పెట్టుకుని మూతతో పోశాను. ఆటో దొరికేదాకా అదే పని. కన్నతండ్రికి నీళ్లు కొలిచి పోయడం ఎట్లుంటుందో చెప్పలేను.

బండి సెకండ్ హ్యాండ్‌ది. బ్యాటరీ ఆరోగ్యం 97 శాతం అని అమ్మినవాళ్లు కాగితం ఇచ్చారు. వర్క్‌షాపులో నిండా ఛార్జి చేసి మళ్లీ అదే 97 చూపించి, "ఎండలకు అంతేనన్నా" అని పంపేశారు.

ఈవీ పని తెలిసిన ఒక కుర్రాడు ఓబీడీ సాకెట్‌కు బ్లూటూత్ పరికరం తగిలించి, ఫోన్లో ఒక్కో సెల్ వోల్టేజీ తెరిచాడు. అన్నీ సమానంగానే ఉన్నాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ గుణమే అంత, ఛార్జింగ్ బాగా తగ్గేదాకా వోల్టేజీ పెద్దగా కదలదు, జబ్బు బయటపడదు. "దిగనిద్దాం అన్నా" అని 30 దాకా తిప్పాడు. యాక్సిలరేటర్ తొక్కితే మిగతావి 3.2 దగ్గర నిలబడ్డాయి, ఒక్క సెల్ 2.6కు జారింది. సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఆ ఒక్కటి అయిపోతే చాలు, మిగతావాటిలో ఎంతున్నా బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే బీఎంఎస్ ప్యాకంతా ఆపేస్తుంది. 97 అనేది కంప్యూటర్ వేసుకున్న అంచనా, అంతే.

8 ఏళ్ల వారంటీ ఇంకా ఉంది. ఆ అంకెల ఫోటోలు వర్క్‌షాపువాళ్ల ముందు పెట్టాకే ఆ సెల్ ఉన్న మాడ్యూల్ మార్చారు. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి కొత్త ఈవీ బ్యాటరీలకు వాటి వివరాలుండే డిజిటల్ పాస్‌పోర్ట్ తప్పనిసరి చేస్తున్నారు. మనకూ అట్లాంటిది కావాలి.

అందాకా, మా వైపు ఎవరు పాత ఈవీ కొంటామన్నా ఆ పరికరం పట్టుకుని వెంట పోతున్నాను. ఛార్జింగ్ పాతిక కిందికి దిగేదాకా తిప్పి చూడనివ్వకపోతే, బేరం ఎంత తగ్గించినా వద్దని చెప్తున్నాను.