లంచ్ బాక్స్‌లో గుడ్డు ఎందుకు మానేశారు?



దసరా సెలవులకు ముందు మన పిల్లల్లో ఒకబాబు ప్రేయర్‌లో రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయాడు. లంచ్ బాక్స్‌లో రోజూ చారన్నమే కనిపిస్తోందని వాళ్ళమ్మగారిని పిలిచి అడిగాను. ఆమె అటూ ఇటూ చూసి ఫోన్‌లో ఒక ఫోటో చూపించారు. బాబు మోకాళ్ళ మీద ఎర్రటి మచ్చలు, వాటిపైన తెల్లటి పొట్టు. డాక్టర్ సోరియాసిస్ అన్నారట. బంధువుల మాట విని ఆ రోజు నుంచే గుడ్డు, పెరుగు, పల్లీలు, వంకాయ, గోంగూర అన్నీ మాన్పించారు. నాలుగు నెలలైంది.

నేను నా జాకెట్టు చెయ్యి పైకి మడిచి మోచెయ్యి చూపించాను. అవే మచ్చలు. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె ఒప్పుకున్నాకే, పేరు, తరగతి చెప్పకుండా ఇది రాస్తున్నాను.

నాకిది బీఈడీ చదివేటప్పుడు మొదలైంది. ముందు తలలో చుండ్రు అనుకున్నాం, తర్వాత మోచేతులకు వచ్చింది. తలా ఒక పథ్యం చెప్పారు. ఏడాదిన్నర పాటించాను. ఏడు కిలోలు తగ్గాను, ఒంట్లో రక్తం తగ్గింది. మచ్చలు మాత్రం చలికాలంలో పెరుగుతూ, ఎండాకాలంలో తగ్గుతూ వాటి దారిన అవి ఉన్నాయి. ఎండలకు తగ్గితే గోంగూర మానినందుకే అనుకునేవాళ్ళం.

ఆ తర్వాత ఎవరో లేబుల్ లేని పొడి ఇచ్చారు. రెండు వారాల్లో చర్మం నున్నగా అయింది. ఆపగానే ఒళ్ళంతా వచ్చింది. ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చని, దాన్ని ఒక్కసారిగా ఆపితే జబ్బు ఎగదన్నుతుందని చర్మవ్యాధుల డాక్టర్ చెప్పాక గానీ నాకు తెలియలేదు. సైన్స్ చెప్పే నేనే అలా మోసపోయాను. అందుకే ఎవరినీ తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు.

అసలు జరిగేదేమిటంటే, శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ అతిగా పనిచేస్తుంది. పైకి రావడానికి మామూలుగా నెల పట్టే చర్మకణాలు కొద్దిరోజుల్లోనే వచ్చి పొట్టులా పేరుకుంటాయి. ఇది అంటువ్యాధి కాదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానం కూడా ఆ మాటే చెప్పింది. పక్కన కూర్చుంటే రాదు, టిఫిన్ పంచుకుంటే రాదు.

మరి తిండితో సంబంధం లేదా? కొంత ఉంది. బరువు ఎక్కువ ఉన్నవాళ్ళు తగ్గితే మచ్చలూ తగ్గుతాయి, మందులూ బాగా పనిచేస్తాయి. పెద్దవాళ్ళలో మద్యం, సిగరెట్ జబ్బును పెంచుతాయి. 2018లో వచ్చిన ఒక ఫ్రాన్స్ అధ్యయనంలో 35 వేల మందికి పైగా పాల్గొన్నారు. కూరగాయలు, పండ్లు, పప్పులు, చేపలు ఎక్కువగా తినేవారిలో తీవ్రమైన సోరియాసిస్ తక్కువగా కనిపించింది. తిండి వల్లే తగ్గిందని అది రుజువు చేయదు గానీ, మన జొన్న సంగటి, పప్పు, ఆకుకూర, మజ్జిగ మానాల్సిన పని లేదని నాకు ధైర్యం వచ్చింది. గోధుమలు మానడం కూడా సీలియాక్ జబ్బు ఉన్నవారికే అవసరం.

ఇక క్యాప్సూల్స్ సంగతి. చేపనూనె మాత్రలతో సోరియాసిస్ తగ్గుతుందని పరీక్షల్లో గట్టిగా తేలలేదు. విటమిన్ డి తక్కువగా ఉందని రక్తపరీక్షలో తెలిస్తే డాక్టర్ చెప్పినంతే వాడాలి. వారానికి ఒకటి వేసుకోమన్న 60,000 యూనిట్ల మాత్రను రోజూ వేస్తే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. పిల్లల విషయంలో మరీ జాగ్రత్త.

ఏదైనా పడట్లేదని మీకు అనుమానం వస్తే అన్నీ ఒకేసారి ఆపకండి. డాక్టర్‌ను అడిగి ఒక్కటే కొన్ని వారాలు ఆపి, ఒక నోట్‌బుక్‌లో రాయండి. తేడా లేకపోతే మళ్ళీ పెట్టండి. తిన్న వెంటనే దద్దుర్లు, వాపు, ఆయాసం వస్తే మాత్రం అది అలర్జీ కావచ్చు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పిల్లలకు గొంతునొప్పి, జ్వరం వచ్చాక ఒళ్ళంతా చిన్న చిన్న మచ్చలు లేస్తే అదీ డాక్టర్‌కు చెప్పాలి. గొంతు ఇన్ఫెక్షన్ వల్ల కూడా సోరియాసిస్ బయటపడుతుంది.

మన కనిగిరికి ప్రత్యేకంగా ఇంకో మాట. ఇక్కడ కీళ్ళనొప్పి అంటే ముందు ఫ్లోరైడ్ నీళ్ళే గుర్తొస్తాయి. అందులో నిజం ఉంది. కానీ సోరియాసిస్ ఉన్నవారికి దాని వల్ల కూడా కీళ్ళు వాస్తాయి, పొద్దున్నే బిగుసుకుంటాయి. నీళ్ళ మీదకు నెట్టేసి ఊరుకోకుండా రెండు సంగతులూ డాక్టర్‌కు చెప్పండి. ఒంగోలు రిమ్స్‌లో చర్మవ్యాధుల విభాగం ఉంది.

ఆ బాబుకు ఇప్పుడు డాక్టర్ రాసిన ఆయింట్‌మెంట్ వాడుతున్నారు. బాక్స్‌లో ఉడికించిన గుడ్డు, పెరుగన్నం వస్తున్నాయి. మచ్చలు ఇంకా పూర్తిగా పోలేదు. ప్రేయర్‌లో మాత్రం చివరిదాకా నిలబడుతున్నాడు. నేనూ ఈ నెల నుంచి పొట్టి చేతుల జాకెట్టుతోనే క్లాసుకు వస్తున్నాను. మేడమ్ చేతికి ఏమైందని మీ పిల్లలు ఇంట్లో అడిగితే, దయచేసి ఇదంతా చెప్పండి.

మీ పిల్లల సైన్స్ టీచర్