బిల్లీ బాల్చ్ మాట, వాచ్ లోయ ఇసుక

సియాటెల్‌లో పొద్దున్నే కారెక్కితే భోజనాల వేళకు నియా బే చేరాం. వాషింగ్టన్ రాష్ట్రానికి అది వాయవ్య కొస, మకా తెగవాళ్ల ఊరు. ఊళ్లోకి వెళ్లగానే మకా మ్యూజియం. 1979లో తెరిచారు, నడిపేది తెగే.

లోపలున్న సరుకులో చాలావరకు ఓజెట్ అనే ఒక్క ఊరిది. కొన్ని వందల ఏళ్ల కిందట కొండచరియ జారి ఆ ఊరి ఇళ్లను బురద కప్పేసింది. ఆ సంగతి మకా పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటూనే ఉన్నారు. 1970లో తుపాను అలలకు ఒడ్డు కోసుకుపోయి పాత సామాను బయటపడింది. తెగ నాయకుడు ఎడ్వర్డ్ క్లాప్లన్‌హూ కబురు పెట్టగా, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ నుంచి రిచర్డ్ డాహర్టీ వచ్చారు. గడ్డపార వేస్తే వస్తువులు విరుగుతాయని నీళ్ల గొట్టాలతో బురద కడుగుతూ పదకొండేళ్లు తవ్వారు. 55,000 పైచిలుకు వస్తువులు దొరికాయి. బురదలోకి గాలి చొరలేదు కాబట్టి బుట్టలు, తాళ్లు కూడా చెక్కుచెదరలేదు.

అన్నిటికంటే ఎక్కువసేపు నిలబెట్టేది తిమింగలం వీపురెక్క. సీడర్ చెక్కతో మలిచి, ఏడు వందలకు పైగా సీ ఆటర్ పళ్లు పొదిగారు. పళ్ల వరుసల్లో ఒక బొమ్మ కూడా తేలుతుంది. దగ్గరికి వెళ్తేగానీ అవి పళ్లని తెలియదు.

తెగ మొదటే షరతు పెట్టింది: దొరికినవేవీ తమ గడ్డ దాటకూడదు. మకా కుర్రాళ్లు తవ్వకంలో పనిచేశారు. ప్రొఫెసర్లకు అంతుపట్టని పనిముట్టు దేనికో పెద్దలు చూసి చెప్పేవారు. ఆదివాసులకు శాస్త్రంలో చోటివ్వడమంటే ఇదీ. ఫొటోల్లో పక్కన నిలబెట్టుకోవడం కాదు.

పెద్దల మాట వినకపోతే ఏమవుతుందో కూడా ఈ ఊరే చెబుతుంది. 1864 జనవరిలో బిల్లీ బాల్చ్ అనే మకా పెద్ద ఇక్కడి బడి పంతులు జేమ్స్ స్వాన్‌కు ఒక సంగతి చెప్పాడు. మరీ పాతకాలం కాదట. సముద్రం ఊరి పక్కనున్న వాచ్ లోయగుండా పొంగి కేప్ ఫ్లాటరీ కొసను దీవిని చేసిందట, పడవలు చెట్లలో చిక్కుకున్నాయట. స్వాన్ డైరీలో రాసుకున్నాడు. తర్వాత తన పుస్తకంలోనూ అచ్చేశాడు. అయినా అలాంటి సునామీ తెచ్చే మహా భూకంపాలు ఈ తీరంలో రావని కొందరు శాస్త్రవేత్తలు తర్వాత కూడా వాదించారు. 1986లో భూగర్భశాస్త్రవేత్త బ్రయన్ అట్‌వాటర్ అదే వాచ్ లోయలో తవ్వితే, ఇసుక పొర కింద సమాధైన చిత్తడి గడ్డి బయటపడింది. జపాన్‌లో భూమి కదలకుండానే వచ్చిన సునామీ రికార్డులతో సరిచూసి శాస్త్రవేత్తలు 1996లో ఆ భూకంపం తేదీ కూడా తేల్చారు: 1700 జనవరి 26 రాత్రి.

బాల్చ్ మాటకూ ఆ ఇసుకకూ మధ్య నూట ఇరవై రెండేళ్లు. అతని మనవడో మనవరాలో భూగర్భశాస్త్రం చదివి ఉంటే ఇంత ఆలస్యమయ్యేదా?

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. మోంటానాలో గిరిజన తెగలే నడిపే సేలిష్ కూటెనై కాలేజీలో జలశాస్త్రం డిగ్రీ చదవొచ్చు. ఇటు వాషింగ్టన్ తీరంలోనే దక్షిణాన షోల్‌వాటర్ బే తెగ 2022లో సునామీ వస్తే ఎక్కడానికి ఎత్తైన టవర్ కట్టుకుంది.

సియాటెల్ తెలుగువాళ్లు కేప్ ఫ్లాటరీకి వస్తూనే ఉంటారు. అక్కడ తిరగడానికి తెగవాళ్ల పాసు కావాలి, మ్యూజియంలో దొరుకుతుంది. పాసు కొనుక్కుని అటే వెళ్లిపోకండి, టికెట్ కూడా తీసుకుని లోపలికి వెళ్లండి.