లెక్కలు తప్పించుకుందామనా?

"పెదనాన్నా, లెక్కల పీడ వదిలింది, డిగ్రీలో ఎకనామిక్స్ తీసుకుంటా" అంటోంది మా తమ్ముడి కూతురు. ఇంటర్‌లో సీఈసీ.

పీడ వదలదు తల్లీ! ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్ కావాలంటే సీయూఈటీలో మ్యాథ్స్ పేపరు రాయాల్సిందే. అంటే పదో తరగతి అవగానే, సీఈసీనా ఎంఈసీనా అన్న దగ్గరే ఆ దారి సగం మూసుకుపోతోంది. ఈ ముక్క ముందే చెప్పేవాళ్లేరీ? మన ఇళ్లల్లో ఎంపీసీ, బైపీసీ కానివన్నీ ఒకటే గంప.

ఇక్కడే డిగ్రీలో చేరినా ఫర్వాలేదు. కాకపోతే సిలబస్‌లో ఎంతున్నా లేకున్నా మొదటి ఏడాది నుంచే కాలిక్యులస్, స్టాటిస్టిక్స్ సొంతంగా పట్టాలి. డిమాండ్ రేఖ ఎవరైనా గీస్తారు. ఎకనామెట్రిక్స్‌లో రిగ్రెషన్ వచ్చినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. పీజీకి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ)లో క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ ఎంఎస్ (ఎంఎస్‌క్యూఈ) అనుకుంటే, ప్రవేశ పరీక్షలో ఒక పేపరు పూర్తిగా గణితమే.

బట్టీ కొట్టే టెక్స్ట్‌బుక్కులకన్నా, బడ్జెట్‌కి ముందు కేంద్రం పార్లమెంటులో పెట్టే ఆర్థిక సర్వే నయం. నెట్‌లో ఉచితం. వ్యవసాయం అధ్యాయం చదివి, అర్థమైంది చెప్పమన్నాను.

"దానికి గైడు దొరుకుతుందా పెదనాన్నా?" అంది.